వంటింట్లో పేలిన ప్రశ్న

"ఇందులో తీగ ఏది?"

నాగమణి అడిగింది డీఎస్పీ సందీప్‌ను. కోదాడలోని ఆ ఇంటి వంటగది గుమ్మంలోనే ఆయన ఆగిపోయాడు. లోపలికి అడుగుపెడితే బూట్లకు మసి అంటుతుందని కాబోలు, అక్కడి నుంచే చూస్తున్నాడు.

"ఏ తీగ?"

"గ్యాస్ పైపు తీగ. సార్ వాళ్ళ పైపు లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్నదట. రబ్బరు కాలిపోతది, నిజమే. ఉక్కు ఎటు పోతది?"

నిన్న ఆదివారం ఉదయం ఈ వంటింట్లో గ్యాస్ పేలింది. శాసనమండలి సభ్యుడు సత్యానందం భార్య జానమ్మ, సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం విడిచింది. పెరటి వైపు గోడ కూలింది. కిటికీ చట్రం ఎగిరి పక్కింటి ప్రహరీ అవతల పడింది. స్టవ్ నడిమికి వంగిపోయింది. సిలిండర్ మాత్రం నల్లబడి, మూలన అట్లాగే నిలబడి ఉంది.

నాగమణి ఒకప్పుడు పోలీసు క్లూస్ టీంలో పనిచేసింది. అగ్ని ప్రమాదాలు ఆమెకు కొత్త కాదు. ఆ ఉద్యోగం వదిలేసి సూర్యాపేటలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. సత్యానందం ఆమెకు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన గురువు. రాత్రి ఫోన్ చేసి, "ప్రమాదం అంటున్నరు నాగమణీ. నాకు నమ్మబుద్ధి అయితలేదు. నువ్వొచ్చి చూడు. ప్రమాదమే అని నువ్వు చెప్తే నమ్ముత," అన్నాడు.

"మేడం, మీరు డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ కాబట్టి లోపలికి రానిచ్చాను," అన్నాడు సందీప్. "మీరు చూసేదంతా మావాళ్ళు నిన్ననే చూశారు. స్టవ్ నాబ్ తెరిచి మర్చిపోయి ఉంటుంది. పెద్దావిడ. పాపం, ఆయన గ్యాస్ పైపుల మీద మండలిలో అంత గొడవ చేసి, ఇంట్లో పైపు చూసుకోలేదు. అంతే కేసు."

"మీవాళ్ళు ఈ క్లిప్పు విప్పి చూసిండ్రా?"

సందీప్ గుమ్మంలోంచే మెడ చాచి చూశాడు.

నాగమణి సిలిండర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పైపు మొత్తం బూడిదై నేలకు అతుక్కుపోయింది. రెగ్యులేటర్ మూతి దగ్గర, పైపును బిగించే ఇనుప క్లిప్పు మాత్రం మిగిలింది. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విప్పింది. క్లిప్పు కింద నిప్పు తగలని చోట వేలి కణుపంత రబ్బరు ముక్క ఊడి ఆమె అరచేతిలో పడింది.

పైన నారింజ రంగు. లోపల నల్లటి చవకరకం రబ్బరు. తీగ జాడే లేదు. మసి తుడిచి వెలుగులోకి పెట్టింది. రబ్బరు మీద కాల్చి రాసిన ఒక అక్షరం కనిపించింది.

'స'.

నాగమణి చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత లేచి, సందీప్‌ను పక్కకు జరగమని చేత్తో సైగచేసి, వరండాలోకి నడిచింది.

సత్యానందం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నిన్న చర్చికి వేసుకున్న తెల్లచొక్కా ఇంకా మార్చుకోలేదు. దాని ముందుభాగమంతా మసి మరకలు. పేలుడు సంగతి తెలిసి చర్చి నుంచి పరుగెత్తుకొచ్చి, భార్యను రెండు చేతుల మీద మోసుకొచ్చినప్పటివి. పక్కన వేణు నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఆయన దగ్గర పీఏగా ఉంటున్నవాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ఇది గుర్తుపడతరా?"

సత్యానందం అరచేతిలోకి తీసుకున్నాడు. అక్షరం చూడగానే లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. 

"ఇది ఈడ ఉండొద్దు," అన్నాడు. "ఇది మా ఇంటి పైపు కాదు. మిర్యాలగూడ హాస్టల్ పైపు."

సందీప్ అప్పటికి వెనక వచ్చి నిలబడ్డాడు. "ఏ హాస్టల్?"

"మీకు తెలువదా? ఎండాకాలంలో ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో గ్యాస్ పేలింది. ఇద్దరు పిల్లలు చనిపోయిండ్రు. జానమ్మ నర్సుగా రిటైరైన మనిషి కదా, వార్డులో వాళ్ళను చూసొచ్చి మూడు పూటలు అన్నం ముట్టలేదు. 'మిమ్మల్ని మండలికి పంపింది ఎందుకు? అడగండి,' అన్నది. అడిగిన."

ఆయన గొంతు పాఠం చెప్పేటప్పుడు ఉండే స్థిమితాన్ని వెతుక్కుంటున్నది.

"దొంగ ఐఎస్ఐ గుర్తు ఏసిన గ్యాస్ పైపులు బజార్ల బహిరంగంగా అమ్ముతుంటే ఎవరు ఆపాలని అడిగిన. పరిశ్రమల శాఖను అడిగితే పౌరసరఫరాలన్నరు. పౌరసరఫరాలను అడిగితే తూనికలు కొలతలన్నరు. పైపు పేలి మనుషులు చస్తుంటే ఏ శాఖ జవాబు చెప్పాలె అని అడిగిన. నమూనాలన్నీ పరీక్ష చేయించినం, ఒక్కటి కూడ లోపం లేదని లిఖితపూర్వకంగా జవాబిచ్చిండ్రు. అప్పుడు ఈ పైపు సభలో ఎత్తి చూపెట్టిన. హాస్టల్‌లో పేలింది ఇట్లాంటిదే. ఇది పగుళ్ళు పట్టి మిగిలిన రెండో పొయ్యిది. ఎవరన్న మార్చేస్తరని దాని రెండు కొసలకు నేనే కాల్చిన కడ్డీతో 'స' అని గుర్తు పెట్టిన."

"సభలో ఏమన్నరు?" నాగమణి అడిగింది.

"నవ్విండ్రు. 'సారు ఇంక క్లాసులోనే ఉన్నరు,' అన్నరు ఒకరు. చైర్మన్ మాత్రం, సభాసంఘం మిర్యాలగూడ వచ్చినప్పుడు దాన్ని అప్పజెప్పమన్నరు. ఆ సంఘం వచ్చేది ఇయ్యాల. మధ్యాహ్నం."

ప్రభుత్వం లేదన్న లోపానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం, దాన్ని దాచిపెట్టిన మనిషి వంటింట్లోనే బిగించబడి, ఆయన భార్యను చంపి, తానూ కాలిపోయింది.

"ఎక్కడ పెట్టిండ్రు సార్ దీన్ని?"

"ఆఫీసు గదిల బీరువాల. తాళమేసి."

నాగమణి వెళ్ళి చూసింది. బీరువా తలుపు మూసే ఉంది. తాళం పగలలేదు, గీత కూడా పడలేదు. తాళంచెవి టేబుల్ సొరుగులో దాని చోటే ఉంది. పైపు ఉండాల్సిన అర ఖాళీ.

"చెవి ఈడ ఉంటదని ఎవరెవరికి తెలుసు?"

"నాకు. జానమ్మకు. వేణుకు. ఇంట్లో మనుషులం, అంతే."

ఆమె తిరిగి వచ్చేసరికి సందీప్ వరండాలో కుర్చీ లాక్కుని సత్యానందానికి ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పటిదాకా ఫోన్ మీద ఉన్న చూపు ఇప్పుడు ఆయన ముఖం మీద ఉంది.

"సార్, ఒక చిన్న సందేహం. గ్యాస్ లీకైతే వాసనకు వీధంతా లేస్తుంది. ఇంట్లో ఉన్న మనిషికి ఎందుకు తెలియలేదు?"

"ఆమెకు వాసన తెలువదు," అన్నాడు సత్యానందం అమాయకంగా. "కరోనా వచ్చిపోయినప్పటి నుంచి. కూర మాడినా నేనే చెప్పాలె."

"ఈ సంగతి బయటివాళ్ళకు తెలుసా?"

"బయట ఎందుకు చెప్పుకుంటం?"

సందీప్ తలపంకించాడు. ప్రహరీ దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ పక్కింటి పుష్పమ్మను పిలిచాడు. "అమ్మా, నిన్న మా కానిస్టేబుల్‌తో ఏదో చెప్పావట. మళ్ళీ చెప్పు."

పుష్పమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఏం జెప్పాలె సారూ. శనివారం పొద్దుగూకినంక జానమ్మక్క పాలగిన్నె పట్టుకొని మా ఇంటికొచ్చింది. జర కాగబెట్టుకుంట అన్నది. మీ పొయ్యికేమైందక్కా అంటె, ఆ పైపు ఉన్నంతసేపు నేను పొయ్యి ముట్టియ్య అన్నది. ఎందుకో జెప్పలే. మల్ల తెల్లారి గోడ కాడ కనబడ్డది. మోకాలు నొస్తుంది, ఇయ్యాల చర్చికి పోతలేనన్నది. 'పైపు మార్సి కొత్తది పెట్టిండు పుష్పమ్మా, ఇగ భయం లేదు,' అన్నది. నవ్వుకుంట అన్నది సారూ..." ఇక మాట్లాడలేకపోయింది.

సందీప్ లేచాడు.

"ఇక నేను చెప్తాను మేడం. సాక్ష్యం బీరువాలో ఉంది. తాళం పగలలేదు. భార్యకు వాసన తెలియదని ఇంటివాళ్ళకే తెలుసు. పైపు మార్చింది ఇంటి మనిషే అని చనిపోయే ముందు ఆమే చెప్పింది. ప్రమాదం అనుకుని మూసేద్దామన్న కేసును మీరే హత్య కేసు చేశారు. థాంక్స్." సత్యానందం వైపు తిరిగాడు. "మండలిలో మీ మాట ఎవరూ నమ్మలేదు సార్. ఇప్పుడు రాష్ట్రమంతా నమ్ముతుంది. కాదా?"

సత్యానందం కోప్పడలేదు. నాగమణి వైపు చూశాడు.

"నేనా?" అన్నాడు. "నేను జానమ్మను...?"

"స్టేషన్‌కు వెళ్ళి మాట్లాడుకుందాం."

"సందీప్," అంది నాగమణి. "ఈ ముక్క దొరికింది నాకు. అర్థం చేసుకున్నది నువ్వు, అది కూడ సగమే."

"మిగతా సగం మీ గురుభక్తి మేడం. దాన్ని కోర్టు ఒప్పుకోదు."

"పబ్లిసిటీ కోసం చేసే మనిషి తన దగ్గరున్న ఒక్క సాక్ష్యాన్నే కాల్చుకుంటడా? మధ్యాహ్నం సభాసంఘం ముందు ఏం పెడతడు, బూడిదనా?"

సందీప్ వెనక్కి తగ్గలేదు. "భావోద్వేగంలో మనుషులు లెక్కలు వేసుకోరు."

"పుష్పమ్మత్తా," నాగమణి అటు తిరిగింది. "జానమ్మగారు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు. 'పెట్టిండ్రు' అన్నదా, 'పెట్టిండు' అన్నదా?"

"పెట్టిండు అన్నది బిడ్డా."

"బాగా గుర్తుందా?"

"నా చెవులకు ఇంకా వినబడుతుంది."

"సారును ఆమె ఎన్నడన్న 'వచ్చిండు, పోయిండు' అని అన్నదా?"

పుష్పమ్మ నాలుక కరుచుకున్నంత పనిచేసింది. "అమ్మో! జానమ్మక్కనా? సారు లేనప్పుడు గూడ సారు వచ్చిండ్రు, సారు తిన్నరు అనేటిది. నా మొగుణ్ణి నేను అంటె నన్నే కోప్పడేటిది."

సందీప్ బిగ్గరగా నవ్వాడు. "వ్యాకరణం మీద కేసు నడిపిస్తారా మేడం?"

"ఆమె నోట ఎట్ల మాట వస్తదో నలభై ఏళ్ళ అలవాటు సందీప్. పైపు పెట్టింది సారు కాదు. ఆమె కంటే చిన్నవాడు. వంటింట్లోకి చనువుగా వచ్చేవాడు." ఆమె ఎవరివైపూ చూడకుండా అడిగింది. "సార్, ఆమె అట్ల ఎవరిని అంటది?"

సత్యానందం చూపు మెల్లగా పక్కకు తిరిగింది. వేణు ముఖంలో ఏ మార్పూ లేదు.

"నేను పొద్దున బండి తీసుకొని గేటు కాడికే వచ్చిన మేడం," అన్నాడు నెమ్మదిగా. "హారన్ కొట్టిన. సారు వచ్చి కూసున్నరు. లోపలికి రానేలేదు. అమ్మ నాకు అన్నం పెట్టిన తల్లి. నామీద అనుమానమైతే నన్ను కూడ స్టేషన్‌కు తీస్కపోండ్రి. నాకేం బాధ లేదు."

"అంతకుముందు ఎంతసేపు సార్ మీరు స్నానంలో, ప్రార్థనలో ఉన్నరు?"

"ఏమో... నేను రోజూ గదిల కూసొని చదువుకుంట కదా. ఎవరొచ్చింది పోయింది తెలువదు."

"చూశారా," అన్నాడు సందీప్. "ఆధారం లేదు. ఒక అక్షరం తేడా, అంతే."

నాగమణి దగ్గర నిజంగానే అంతకుమించి లేదు. ఆమె వరండాలో ఇటు నుంచి అటు నడిచింది. ఏదో ఒకటి ఆమెకు అడ్డం పడుతూనే ఉంది. వంటింటి నేల, పెరడు, చెత్తబుట్ట అన్నీ వెతికింది. కొత్త పైపు పెట్టారంటే పాతది విప్పి ఉండాలి. ఆ పాత పైపు ఎక్కడా లేదు.

"సార్, మీ ఇంట్లో మొదట ఉన్న పైపు ఎక్కడిది?"

"మేం పంచుతున్నదే."

"పంచడమేంది?"

"సభలో జవాబు అట్ల వచ్చినంక, ప్రభుత్వం చెయ్యకపోతే మనమే చేద్దామని వేణు అన్నడు. మిర్యాలగూడల సుధాకర్ అని వ్యాపారి, రబ్బరు సామాను ఫ్యాక్టరీ ఉన్నది. పిల్లల కోసం కదా అని ఉచితంగా ఇస్తనన్నడు. ఉక్కు తీగ ఉన్న మంచి పైపులు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే పొయ్యిలన్నిటికీ పాతవి తీసేసి ఇవి పెట్టిస్తున్నం. మొదటిది మోతె బడిలో పెట్టినం. వేణు బిడ్డ భాగ్య చదివేది అక్కడనే. ఆ పైపు వేణే సొంత చేతులతో బిగించిండు."

నాగమణి నడక ఆగింది.

"అంటే జానమ్మగారు భయపడ్డది ఆ మంచి పైపును చూసే కదా?"

ఆ ప్రశ్న సత్యానందానికి ఇంతవరకూ తట్టలేదు.

"ఇంకొకటి," అంది నాగమణి. "హంతకుడు హాస్టల్ పైపు బిగించిండు, సరే. మరి విప్పిన మంచి పైపును ఎందుకు ఎత్తుకపోయిండు? అది మంచిదే అయితే పెరట్లో పారేస్తే ఏం పోయింది? అది మన కంట పడొద్దనుకున్నడు. పంచగా మిగిలినవి ఉన్నయా సార్?"

ముందు గదిలో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. పైన ఉన్నదాన్ని ఆమే తీసుకొచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది. తెల్లటి ప్యాకెట్లు. ప్రతి ప్యాకెట్ మీదా చేతులు జోడించిన సత్యానందం ఫొటో. దాని కింద పెద్ద అక్షరాలు: 'మీ వంటింటి భద్రత - నా బాధ్యత.'

సందీప్ గడియారం చూసుకున్నాడు. "మేడం, మిమ్మల్ని ఆపటం లేదు. కానీ నాకు టైం లేదు."

"ఒక్క నిమిషం."

ఆమె ప్యాకెట్ చింపింది. దిట్టంగా కనిపించే నారింజ రంగు పైపు. పైన అల్లిక గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఎవరు చూసినా లోపల తీగ ఉందనే అనుకుంటారు. బ్యాగులోంచి కత్తి తీసి బల్ల మీద అడ్డంగా పెట్టి కోసింది. కత్తి ఎక్కడా ఆగలేదు. వంకాయ తెగినట్టు తెగింది.

లోపల తీగ లేదు. పైపైన అచ్చువేసిన గీతలు. నారింజ రంగు పొర కింద నల్లటి చవకరకం రబ్బరు.

నాగమణి మాట్లాడకుండా సత్యానందం చేతిలోంచి ఆ కాలిన ముక్కను తీసుకుని, కోసిన కొస పక్కన పెట్టింది. అదే మందం. అదే నలుపు. అంచున అచ్చు పోసినప్పుడు పడిన సన్నటి వంకర గీత కూడా ఒకటే.

సందీప్ వంగి చూశాడు. రెండోసారి ముట్టుకుని చూశాడు. ఆయన ముఖంలోంచి నవ్వు పోయింది.

"ఇది... అదే పైపు," అన్నాడు.

"అదే పైపు. హాస్టల్‌లో పిల్లల్ని చంపిన పైపు. బజార్ల అమ్మలేక, ప్యాకెట్ మార్చి, సారు ఫొటో ఏసి, సారు చేతులతోనే బడులకు పంపిండ్రు. సారు ఇచ్చిందంటే ఇంక ఎవరూ పరీక్ష చెయ్యరు."

సత్యానందం ప్యాకెట్ మీది తన ఫొటోను చూస్తున్నాడు. ఆయన చెయ్యి దాని వైపు వెళ్ళి, ముట్టుకోకుండానే వెనక్కి వచ్చింది.

"నేను పంచిన," అన్నాడు చివరికి. "నేనే పంచిన."

"మోతె!"

ఆ అరుపు ఎవరిదో మొదట ఎవరికీ అర్థం కాలేదు. వేణు. బల్ల మీద తెగిపడ్డ పైపును చూస్తూ ఉన్నవాడు ఒక్కసారిగా ఫోన్ తీశాడు. ఒక నంబరు బదులు ఇంకో నంబరు నొక్కి, మళ్ళీ నొక్కాడు.

"ఎత్తుతలేరు... బడి మేడం ఎత్తుతలేదు... వంట టైమిది, ఇప్పుడే ముట్టిస్తరు..." ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియనట్టుంది. "బడులవి మంచివన్నడు! పాత సరుకు ఈ ఇంటికొచ్చిన పెట్టెలనే కలిసిందన్నడు సుధాకర్ సారు! బడులవి అన్నీ మంచివన్నడు! ఒట్టేసి చెప్పిండు!"

సందీప్ గిరుక్కున వేణు వైపు తిరిగాడు.

"ఈ ఇంటిది పాత సరుకని నీకెప్పుడు తెలిసింది వేణూ?" అని నాగమణి మెల్లగా అడిగింది.

వేణు వినలేదు. అవతల ఎవరో ఫోన్ ఎత్తారు.

"మేడం! నేను వేణును! పొయ్యి ఆర్పండి! భాగ్య ఏది? భాగ్య ఏది మేడం?"

నాగమణి ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టింది. హెడ్ మేడం గొంతు కంగారుగా ఉంది. "ఏమైంది సార్? పప్పు ఉడుకుతుంది. రెండో పొయ్యి ముట్టిద్దామనుకుంటున్నరు. పొద్దటి నుంచి జర వాసన వస్తుందని మా వంటామె అంటుంది, కొత్త పైపే కదా అని నేనే..."

"మేడం, నేను చెప్పినట్టు చెయ్యండి. రెండో పొయ్యి ముట్టియ్యొద్దు. సిలిండర్ రెగ్యులేటర్ మూసెయ్యండి. లైటు స్విచ్చు ఏదీ ముట్టుకోవద్దు. పిల్లలందరినీ వంటగదికి దూరంగా బయటికి పంపండి. ఫోన్ పెట్టకండి."

అవతల పరుగులు వినిపించాయి. ఎవరో గట్టిగా పేరు పెట్టి పిలిచారు. పాత్ర కింద పడ్డ శబ్దం. పిల్లల అరుపులు. తర్వాత ఏమీ వినిపించలేదు. సందీప్ ఫోన్‌నే చూస్తున్నాడు. పుష్పమ్మ గోడ పట్టుకుని నిలబడింది.

"బంద్ చేసినం," హెడ్ మేడం రొప్పుతూ అంది. "పైపు చేత్తో పట్టుకుంటే పగిలి ఉంది మేడం... అందరూ బయటనే ఉన్నరు. భాగ్య కూడ ఈడనే ఉన్నది."

వేణు నేల మీద కూలబడి తల బల్లకు కొట్టుకున్నాడు.

"అమ్మ నాకే చెప్పింది," అన్నాడు. "శనివారం పెట్టెలోని పైపు ఒకటి కోసి చూసింది. సారుకు ఇప్పుడే చెప్పకు వేణూ, తట్టుకోలేరు, ముందు నువ్వు కనుక్కో అన్నది. నేను పోయి సుధాకర్ సారుకు చెప్పిన. ఆమె నోరు తెరిస్తే ఇద్దరం జైలుకే అన్నడు. బీరువాల ఉన్న హాస్టల్ పైపు పెట్టమని ఆయనే చెప్పిండు. పొద్దున అమ్మే నన్ను వంటింట్లోకి పిలిచింది. నేను బిగిస్తుంటే పక్కన నిలబడి... చాయ్ తాగి పో బిడ్డా అన్నది."

"తాగినవా?" అని అడిగాడు సత్యానందం.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన గొంతు అంత మెల్లగా పలకడం నాగమణి వినలేదు. వేణు తల ఎత్తలేదు. అవునన్నట్టు ఊపాడు.

సత్యానందం కొట్టలేదు, తిట్టలేదు. వంటింటి వైపు తిరిగి, కూలిన గోడలోంచి కనిపిస్తున్న పెరటిని చూస్తూ ఉండిపోయాడు.

సందీప్ గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్‌కు సైగచేశాడు. బేడీలు వేణు చేతులకు పడ్డాయి. సందీప్ నాగమణి వైపు చూసి ఏదో అనబోయాడు. ఆమె అవకాశం ఇవ్వలేదు.

"తర్వాత, సందీప్. సార్, ఏ ఏ బడులకు ఇచ్చిండ్రు?"

"అన్నిటికీ," అన్నాడు సత్యానందం. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చి ఆయన్నే కొట్టినట్టు వెనక్కి వాలాడు. "సూర్యాపేట చుట్టుపక్కల... కోదాడ... హాలియా దాకా. మిర్యాలగూడలో పోయిన వారమే బిగించి పోయిండ్రు."

సందీప్ అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. గొంతులో ఇందాకటి విసుగు లేదు. "అన్ని స్టేషన్లకు చెప్పండి. ఏ బడిలో వంటగ్యాస్ మండుతున్నా వెంటనే ఆపించాలి. హెడ్‌మాస్టర్లకు, పంచాయతీ కార్యదర్శులకు, ఎవరు దొరికితే వాళ్ళకు. జీపులు పంపండి. సుధాకర్ ఫ్యాక్టరీకి ఒక టీం. ఇప్పుడే... ఆగండి, ఇంకో కాల్ వస్తోంది. మిర్యాలగూడ కంట్రోల్ రూమే."

ఫోన్ మార్చాడు. "చెప్పండి," అన్నాడు.

అవతలి మనిషి చెప్తూ పోయాడు. సందీప్ చెయ్యి వెనక్కి చాపి కుర్చీ కోసం తడిమి, మెల్లగా కూర్చున్నాడు.

"ఏ బడి?" అని మాత్రం అడిగాడు.